ముందు గాలి తీయాలి

మా ఇంటి ఇంజనీరమ్మకి,

ఇక్కడ మీ అమ్మగారు, పాప, నేను, జీపు, నలుగురం కులాసాగానే ఉన్నాం. జీపుని కూడా మనుషుల్లో కలిపేశానేమిటని అనుకోకు, దాని ఆరోగ్యం గురించి ఈ ఉత్తరంలో చాలా ఉంది. కొండ మీద చలికి నీ గొంతు ఎలా ఉందో రాయి. ఫోను అందని చోట పనిచేసే పెళ్ళానికి ఉత్తరాలు రాయడం మొదట్లో నాకు చాదస్తం అనిపించింది గాని, ఈ ఏడు నెలల్లో బాగానే అలవాటైంది. మీ సరుకుల లారీ గురువారం పొద్దున్నే బయల్దేరుతుంది కాబట్టి బుధవారం సాయంత్రానికల్లా కవరు అంటించేస్తున్నాను.

నీ ప్రశ్నలకి వరసగా జవాబులు చెప్తాను. చివర అడిగిన రెండిటికి మాత్రం చివరే చెప్తాను. సొరంగం రెండో కొస కూడా నిన్నే చూసుకోమంటున్నారు, ఇంకో ఏడాది ఉండాలి, ఏమంటారు అన్నది ఒకటి. ఈ వైపు నుంచి వచ్చి వాగులో దిగబడిన తిక్క మనిషెవరో మీకేమైనా తెలుసా అన్నది రెండోది. మొదటిదానికి "వద్దు, వచ్చేయ్" అని ఇప్పటికి రెండుసార్లు రాసి చింపేశాను.

అత్తయ్య మోకాలు తగ్గినట్టే తగ్గి మళ్ళీ పట్టేసింది. కారణం నేనే. జీపు ఎత్తు పెరిగింది, ఆవిడ ఎత్తు పెరగలేదు. ఇప్పుడు వెనక సీటు పక్కన ఓ ముక్కాలిపీట పెట్టుకుని తిరుగుతున్నాం. ఆసుపత్రి ముందు నేను పీట వేస్తే ఆవిడ దాని మీద నిలబడి, తన మోకాలి నొప్పి నిజమో కాదో తేల్చుకోవడానికే అల్లుడు బండి ఎత్తు పెంచాడని అక్కడున్న నలుగురికీ వినపడేలా చెప్తుంది. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను.

పాప కింది పన్ను ఊడిందా అని అడిగావు. ఊడింది. స్కూలుకి వెళ్తుంటే బండి గుంటలో పడి లేచింది, పన్ను ఒళ్ళో పడింది. పళ్ళ సెట్లు చేసే నాన్న ఉన్నాడు కదా, సాయంత్రానికల్లా కొత్తది పెట్టమంది. దానంతటదే మొలుస్తుందంటే నమ్మలేదు. ల్యాబులో పని బాగానే ఉంది, కాకపోతే పోయిన నెల క్లినిక్కుకి తీసుకెళ్తున్న ప్లాస్టరు అచ్చులు ఆరు జీపులోనే పగిలిపోయాయి. ఓ రిటైర్డు మాస్టారు ఇంకో వారం బోసినోటితో ఉండాల్సి వచ్చింది. ఆయన నన్ను చాలాసేపు తిట్టారు గాని, పళ్ళు లేవు కాబట్టి తిట్లు సగమే అర్థమయ్యాయి.

ఇంతకీ రోజూ ఊళ్ళో తిరిగే బండికి ఎత్తు ఎందుకు పెంచావు, బుద్ధుందా అని అడుగుతావు. అసూయ వల్ల. ఈ మాట ఇంత తొందరగా రాయాలనుకోలేదు, వచ్చేసింది.

నాలుగు నెలల కిందట నువ్వో ఫొటో పంపావు. రాయి తొలిచే యంత్రం నడిపే ఆయన, అదే మీ డ్రిల్లరు గారు, తన బండి పక్కన నిలబడి ఉన్నాడు. బండి నెత్తి మీద నాలుగు లైట్లు. బానెట్టు మీద ఆయన చెయ్యి, పక్కన నీ చెయ్యి, మధ్యలో జానెడు జాగా. ల్యాబులో పళ్ళ అంచులు చూసుకునే భూతద్దం పెట్టి మరీ చూశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరంలో డ్రిల్లరు గారు ఆరుసార్లు వచ్చారు. నేను రెండుసార్లు వచ్చాను, అందులో ఒకసారి కరెంటు బిల్లు సందర్భంలో. ఆ ఉత్తరంలోనే రాశావు, "డ్రిల్లరు గారి బండిలో వాగు దాటుతుంటే చేతిలో టీ కూడా తొణకదు" అని. దాని కిందే, "మన జీపు ఈ వాగు దాటలేదు, పాపని తీసుకుని రావాలని చూడకండి" అని. పళ్ళు నూరడం నా వృత్తి. ఆ నెలంతా ఇంటికొచ్చాక కూడా నూరాను.

మన జీపు దాటలేదా చూద్దాం అనుకున్నాను. చేతిలో ఉన్నది తక్కువ, కడుపులో మంట ఎక్కువ. తిన్నగా షెడ్డు బాబాయి దగ్గరికి వెళ్ళాను. మన పెళ్ళికి ముందు నుంచీ ఆ జీపుకి వైద్యం చేస్తున్నది ఆయనే కదా. సోమవారం పొద్దున పాప స్కూలుకీ, నేను క్లినిక్కులకీ వెళ్ళాలి కాబట్టి ఆదివారం విప్పింది ఆదివారమే బిగించాలన్నది మా ఒప్పందం. తక్కువలో కానివ్వాలంటే ఏది ముందో ఏది వెనకో ఆయనే చెప్పాడు. ముందు టైర్లు, తర్వాత బండి లాగడానికి ముందొకటి వెనకొకటి గట్టి హుక్కులు, ఆ తర్వాత నీళ్ళలో ఇంజను ఊపిరి ఆగకుండా ఓ పైపు. అంతటితో ఆపి, మిగతాది నడపడంలో నేర్చుకోమన్నాడు. నేర్చుకోవడానికి ఖర్చు లేదన్నాడు.

టైర్లు పాతవే గాని గట్టివి దొరికాయి, రెండు ఒక నమూనా, రెండు ఇంకో నమూనా. పడి ఉన్న ఓ సరుకుల వ్యాను నుంచి బండి బరువు మోసే కమాన్ పట్టీలు తీసి మనవాటి మీద ఒక్కొక్కటి కలిపాడు. అదీ ఎత్తు పెరగడానికి కారణం, పాప పన్ను ఊడటానికి కూడా. నీళ్ళ పైపు ముక్కని అద్దం పక్కన తొండంలా నిలబెట్టాడు. ఇక హుక్కుల దగ్గరికి వచ్చేసరికి నేను జేబులోంచి నీ ఫొటో తీసి, హుక్కులు తర్వాత చూద్దాం, ముందు ఈ నాలుగు లైట్లు కావాలన్నాను. బాబాయి ఫొటో వంకా, నా వంకా చూశాడు.

"పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందట" అన్నాడు. "పెట్టుకునేవాడివి పనికొచ్చే చోటైనా పెట్టుకో నాయనా."

నేను వినలేదు. లైట్లు పెట్టించుకున్నాను, వాటికి తోడు మెరిసే కొత్త బంపరు కూడా.

ఇక నీ రెండో ప్రశ్న. నువ్వు రాసింది మళ్ళీ ఇక్కడే ఎత్తి రాస్తున్నాను. "పోయిన ఆదివారం వాగులో ఎవరో దిగబడ్డాడట. నెత్తి మీద నాలుగు లైట్లు, కింద ఒక్క హుక్కూ లేదట. పేరు అడిగితే దగ్గాడట, టీ తాగి వెళ్ళమంటే కోపం తెచ్చుకున్నాడట. భోజనాల దగ్గర అందరం పడీ పడీ నవ్వాం."

నాకు తెలుసు ఆ మనిషి. బాగా తెలుసు. రోజూ అద్దంలో అతని గడ్డం గీసేది నేనే.

క్లినిక్కుకి అర్జంటు సెట్టు ఇచ్చి రావాలని అత్తయ్యకి చెప్పి తెల్లవారుతూనే బయల్దేరాను. నీకు చెప్పకుండా వచ్చి, వాగు దాటి, మీ క్యాంపు ముందు నాలుగు లైట్లూ వేసి హారన్ కొట్టాలని నా ఊహ. పట్టపగలు లైట్లెందుకని అడక్కు. వాగు నడుమకి వచ్చేసరికి చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. నేను తొక్కినకొద్దీ గులకరాళ్ళు వెనక్కి ఎగిరాయి, బండి కిందికి దిగింది. నీళ్ళు తలుపు అంచుకి వచ్చాయి. బాబాయి పెట్టిన పైపు ఉండబట్టి ఇంజను మాత్రం ఆగలేదు.

అప్పుడే అవతలి ఒడ్డున ఓ బండి వచ్చి ఆగింది. లైట్లు చూడగానే పోల్చుకున్నాను. ఆయన నీళ్ళలోకి దిగి నా కిటికీ దగ్గరికి వచ్చి నవ్వాడు. పై వరసలో ఓ పన్ను లేదు. నువ్వు ఏమైనా అనుకో, ఆ నిమిషంలో నాకు ఎంతో సంతోషం వేసింది. ఆయన బండి చుట్టూ ఓసారి తిరిగి వచ్చి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"ముందు గాలి తీయాలండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు నెలలుగా ఈ మనిషి చేస్తున్నది అదే కదా.

"ఎవరి గాలి?" అన్నాను.

"టైర్లదండీ" అన్నాడాయన. "మరీ బిగుతుగా కొట్టించారు. కొంచెం తీస్తే అవి కింద పరుచుకుంటాయి, రాళ్ళని పట్టుకుంటాయి."

అగ్గిపుల్లతో వాల్వు నొక్కి నాలుగు టైర్లకీ ఆయనే గాలి తీశాడు. తాడు కట్టడానికి హుక్కు కోసం వెతికాడు. నా కొత్త బంపరుని వేలితో తట్టి, ఇది చూసుకోవడానికండీ, లాగడానికి కాదు అన్నాడు. చివరికి ఆ చల్లటి నీళ్ళలో ఊపిరి బిగబట్టి వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరి, చాసిస్‌కి తాడు కట్టాడు. నేను నాలుగు నెలలు ద్వేషించిన మనిషి నా కోసం నిలువునా తడిసి, తల బయటపెట్టి, స్టీరింగు తిన్నగా పట్టుకోండి సార్ అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకా కొంచెం కోపం కూడా మిగిలే ఉంది.

గట్టెక్కాక, ఈ గాలి సంగతి మీకెవరు చెప్పారని అడిగాను. కనీసం అదైనా ఆయన సొంతం కాకూడదని నా ఆశ. ఆయన కొండ మీదికి చెయ్యి చూపించాడు.

"అదిగో, మా ఇంజనీరమ్మ. మొదటి నెలలో నేనూ ఇక్కడే దిగబడ్డాను. బరువు నేల మీద పరచాలయ్యా అని లెక్క వేసి చెప్పింది. ఇప్పుడు వాగు వచ్చిందంటే స్టీరింగు ఆమెకిచ్చేసి నేను పక్కన కూర్చుంటాను."

చూశాను. సొరంగం నోటి దగ్గర, ఓ రాతి మీద, పసుపు టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నావు. క్రేను ఓ పెద్ద ఇనప చట్రాన్ని గాలిలో పట్టుకుని ఉంది. ముప్ఫైమంది నీ వంకే చూస్తున్నారు. నీ చెయ్యి పైకెత్తి ఉంది. అది దిగేదాకా అంత పెద్ద యంత్రమూ కదల్లేదు. నువ్వు మెల్లగా చెయ్యి దించావు, చట్రం మెల్లగా దిగింది, ఎవరో ఏదో అన్నారు, నువ్వు నవ్వావు. మన వంటింట్లో నువ్వు అలా నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు.

పైకి రాకుండా వెనక్కి తిరిగింది అందుకే. టీ అన్న మాట వినగానే ఆయన మీద విసుక్కున్నదీ అందుకే. పాపం, ఆయనకేం తెలుసు.

ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ మళ్ళీ తీశాను. "వాగు దాటుతుంటే టీ తొణకదు." "వాన పడినా బండి ఎక్కించేశాం." "ఈసారి అయిదు నిమిషాల్లో దాటాం." ఆయన బండి అని రాశావు, నిజమే. ఆయన నడిపాడని ఒక్క చోటా లేదు. ఎవరు నడిపారో నువ్వు రాయలేదు, నేను అడగలేదు. ఆ ఖాళీలో ఓ మగవాణ్ణి కూర్చోబెట్టుకుని నాలుగు నెలలు వాడితో పోటీపడ్డాను. నువ్వు నడుపుతున్నావన్న సంగతి నా దగ్గర ఎందుకు దాచావో అడగను. చెప్తే నేను ఏమంటానో నీకు తెలుసు.

నిజం చెప్పనా? ఆయన మీద కుళ్ళు ఆ రోజే పోయింది. ఇప్పుడు ఉన్నది నీ మీద. ఆ రాతి మీద నిలబడిన మనిషి మీద. ఆ కొండకి నువ్వు తెలిసినట్టు నాకు తెలియవే అని, నీ చెయ్యి దిగడం కోసం రోజూ చూసే ఆ ముప్ఫైమందిలో నేను లేనే అని. ఇది మంచి గుణం కాదని తెలుసు. ఉంది కాబట్టి రాస్తున్నాను.

అందుకని నీ మొదటి ప్రశ్నకి జవాబు. ఒప్పుకో. ఏడాది ఉండు. నాకు బెంగగా ఉంటుంది, పాపకి ఉంటుంది, అత్తయ్య పీట మీద నిలబడినప్పుడల్లా నీ వంతు కూడా కలిపి నన్నే తిడుతుంది. అవి మేం చూసుకుంటాం. సగంలో దిగిపోయి వచ్చిన నిన్ను రోజూ ఇంట్లో చూడటం నావల్ల కాదు.

మొన్న ఆదివారం బాబాయి దగ్గర రెండు లైట్లు అమ్మేసి రెండు హుక్కులు వేయించాను. ఆయన హుక్కులు బిగించి, ఒక్కోదాన్నీ రెండేసి సార్లు లాగి మరీ చూపించాడు. వచ్చే నెల రెండో శనివారం పాపని, అత్తయ్యని తీసుకుని వస్తున్నాం. డ్రిల్లరు గారికి నా పేరు చెప్పు, క్షమాపణ చెప్పు, ఆ పన్ను కొలత తీసుకోవడానికి సామాను తెస్తున్నానని కూడా చెప్పు. ఆయన నీళ్ళలో దిగనక్కర్లేదు. వాగుకి ఇవతలే ఆగుతాను. నువ్వు దిగి రా. జీపుని నువ్వే దాటించాలి.

నీవల్ల కాదని అంటానేమో అనుకుంటావు. పెళ్ళయిన కొత్తలో నువ్వు తాళం అడిగినప్పుడు, ఆ తర్వాత పాప కడుపులో ఉండగా అడిగినప్పుడు, ఈ ఉద్యోగానికి బయల్దేరే ముందు వారం కూడా అడిగినప్పుడు, నేను ఒకటే చెప్పాను. దీని క్లచ్చి రాయిలా ఉంటుంది, ఆడవాళ్ళ కాలికి దిగదు అని. పదకొండేళ్ళు నువ్వు నమ్మావు.

క్లచ్చి ఎప్పుడూ గట్టిగా లేదు.

ఇట్లు,
నీ మొగుడు