దారి మార్చుకున్న దోస్తు

నాచారం,
బుధవారం, 12 ఫిబ్రవరి 2025

దామోదర్ అన్నకు,

చెల్లెలు స్వర్ణలత నమస్కారాలు. మీరు, తారామణి వదిన కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను ఫోన్ చేస్తే మీరు ఎత్తలేదు. అందుకే కాగితం పట్టుకున్నాను. కోపం ఉన్నా చివరిదాకా చదవండి.

పోయిన వారం ఉప్పల్ కూరగాయల మార్కెట్లో వదిన కనిపించింది. ఇన్నేళ్లు మీతో ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్క మిషన్ల మీద పనిచేసిన మా ఆయన, ఇప్పుడు వేరే షెడ్డుకు మారి, మిమ్మల్ని చూసి దారి మార్చుకుని పోతున్నారని మీరు బాధపడుతున్నారట. ఏం తప్పు చేశానో అడుగుదామన్నా దొరకడం లేదట. మీరు ఏ తప్పూ చేయలేదన్నా. జరిగింది ఇది.

దసరాకు ముందు ఒకరోజు ఉప్పల్ చౌరస్తాలో స్కైవాక్ మెట్లు ఎక్కుతూ మీ బావ సగంలోనే కూలబడ్డారు. ఊపిరి అందలేదు. సిగరెట్ మానకపోతే ఊపిరితిత్తులు దక్కవని దవాఖానాలో డాక్టరమ్మ చెప్పింది. మానడానికి మాత్రలు రాస్తానంటే ఈయన ఒప్పుకోలేదు. బీపీకీ షుగరుకీ మింగేవి చాలు, మందు లేకుండానే మానేస్తానన్నారు.

ఇక చూడాలి మా తిప్పలు. రామంతాపూర్‌లో చెవులకు సూదులు గుచ్చే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. గుచ్చినంతసేపు బుద్ధిగా కూర్చున్నారు, బయటికి రాగానే జేబు తడుముకున్నారు. హబ్సిగూడలో హిప్నాటిజం అన్నారు. అక్కడ కుర్చీలోనే గురక పెట్టి నిద్రపోయారు. లేచాక మస్తు హాయిగా ఉందన్నారు, ఆ హాయిలోనే ఒకటి వెలిగించారు. లవంగాలు నమిలీ నమిలీ నోరు పూసింది.

చివరికి సిగరెట్ మానడానికి సాయం చేస్తామని పెట్టె మీదే ఉండే నంబరుకు ఫోన్ చేశాం. సాయి ప్రియ అనే అమ్మాయి మాట్లాడింది. సూదులతో, హిప్నాటిజంతో కొందరికి బాగుందనిపిస్తుందట గానీ, వాటితో మానేస్తారనడానికి గట్టి రుజువు లేదట. ఇలా ఎవరితోనైనా మాట్లాడుతూ, ఎప్పుడు ఏం చేయాలో ముందే అనుకుని పెట్టుకుంటే కొంత మేలట. తాగాలనిపించినప్పుడు కాసేపు ఓర్చుకోండి, నీళ్లు తాగండి, నడవండి, ఆ గుంజుడు దానంతటదే తగ్గుతుంది అని చెప్పింది. ఆ తర్వాత, ఎక్కడ, ఎవరితో ఉన్నప్పుడు ఎక్కువ తాగుతారని అడిగింది. షిఫ్ట్ వదిలాక, గేటు ముందు చాయ్ బండి దగ్గర, దామోదర్‌తో అన్నారు ఈయన.

కొన్నాళ్లు అక్కడికి వెళ్లకండి, మీ దోస్తుకు సంగతి చెప్పండి అంది ఆ అమ్మాయి. వెళ్లడం మానేశారు గానీ, చెప్పడం ఆయనకు చేతకాలేదు. నేను చెప్తానంటే వద్దన్నారు.

"నిన్ను సూస్తే నాకు సిగరెట్ యాదికొస్తదని వాని మొహం మీద ఎట్లంటనే? వాడు పక్కనుంటే నా చెయ్యి ఊకోదు. లేకుంటే మనసు ఊకోదు."

అదన్నా సంగతి. ఇప్పుడు వెనక గేటు నుంచి వచ్చి, నన్ను వెంటబెట్టుకుని చెరువు దాకా నడుస్తున్నారు. దగ్గు తగ్గింది, ఆయాసం తగ్గింది. దారి పొడుగునా మీ ముచ్చటే. దామోదర్ ఉంటే గిట్ల అనేటోడు, గట్ల నవ్వేటోడు అంటారు. మీతో చెప్పాల్సినవన్నీ నాకు చెప్తున్నారు. నాకు సగం అర్థం కావు, ఊకొడుతూ నడుస్తాను.

వదినను అడిగానని చెప్పండి.

మీ చెల్లెలు,
స్వర్ణలత

తాజా కలం: రాయకూడదనుకున్నాను, కానీ దాచి లాభం లేదు. మీ కొత్తింటి గృహప్రవేశం కార్డు మొన్న మీ ఫ్యాక్టరీలోనే పనిచేసే బాలరాజు చేత పంపారు కదా. ఆ సాయంత్రం మీ బావ కిందికి వెళ్లి సిగరెట్ తాగి వచ్చారు. మానేశాక అదొక్కటే. వచ్చి తలుపు దగ్గరే నిలబడి, "ఇన్ని దినాలు ఎట్లనో ఆగిన లతా. మనిషి రాకుండ కార్డొస్తే ఆగలేకపోయిన" అన్నారు. పొద్దున్నే ఆ అమ్మాయికి ఫోన్ చేసి దాచకుండా చెప్పి, మళ్లీ మొదలుపెట్టారు. అన్నా, వదినను తీసుకుని రండి. ఆయనను నోటితో పిలవండి. జేబులో పెట్టె ఉంటే మాత్రం అది మీ ఇంట్లోనే వదిలేసి రండి.