రక్షణ విభాగానికి వెళ్ళిన మా అర్జీ

ఫిబ్రవరి 1, ఆదివారం

ఆరాధన ముగిసింది. నేను ఆటోలో, తమ్ముడు ప్రకాశ్ వెనకాలే స్కూటర్ మీద—కాన్వాయ్ లాగా. సైనిక్‌పురిలో వాడికి నా టీవీకి రెండింతల టీవీ ఉంది. అయినా బడ్జెట్ మాత్రం ఏటా మెట్టుగూడలో నా గదిలోనే చూడాలి. చూడటానికి కాదు, నాతో పోట్లాడటానికి.

డెబ్బై రెండేళ్ళ మాజీ సుబేదారు. ఎవరూ కూర్చోమనకుండానే కూర్చుని, ఎవరూ అడగకుండానే నిటారుగా అయ్యాడు. తెర అడుగున రక్షణ పద్దు పరుగెత్తగానే చప్పట్లు.

“చూశావా అక్కా! ఈసారి మనవాళ్ళకి గట్టిగా పెట్టారు.”

“మనవాళ్ళంటే?”

“ఇంకెవరు? ఫౌజ్!”

నేను స్త్రీశిశు సంక్షేమం కోసం చూస్తూ కూర్చున్నాను. పరుగెత్తే అక్షరాల్లో కూడా రాలేదు.

భోజనమయ్యాక రెండు కంచాలూ వాడే కడిగాడు. వద్దంటే వినడు. ఆ ఒక్క విషయంలో సైన్యం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఫిబ్రవరి 2, సోమవారం

పత్రిక, పెన్సిలు, ఉదయమంతా. ఒక పద్దు పెరిగింది. మరొకటి దాదాపు నిలిచిన చోటే నిలిచింది. ధరలు పెరిగిన ఏడాదిలో పెరగకపోవడం తగ్గడమే—ఈ ఒక్క వాక్యాన్ని ముప్పై ఏళ్ళు ఆడపిల్లల కళాశాలలో చెప్పి జీతం తీసుకున్నాను.

ఫిబ్రవరి 5, గురువారం

స్త్రీల మైత్రి కూటమి. కరుణమ్మగారి వంతు ప్రార్థన. ఎనభై రెండేళ్ళ మనిషి. పత్రికలో శీర్షికలు మాత్రమే చదవగలదు. కళ్ళు మూసుకుని—“ప్రభువా, ఈ సంవత్సరము మా ప్రభుత్వము రక్షణకు పెద్దపీట వేసినందుకు నీకు స్తోత్రము.”

ఆమె దృష్టిలో రక్షణ ఒకటే. సిలువ దగ్గర ఆత్మకు దొరికేది. దేశం మొత్తం రక్షింపబడబోతున్నదని ఆమె నిజంగా సంతోషించింది. నవ్వు ఆపుకోలేక నేను పాటల పుస్తకంలో ముఖం దాచుకున్నాను.

ప్రకాశ్‌కు ఫోన్లో చెప్పాను. “ఆవిడ తప్పేముంది అక్కా? మేం చేసింది అదేగా!” అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వాం.

ఫిబ్రవరి 6, శుక్రవారం

నవ్వు నిన్నటితో సరి.

రిజ్వానా వచ్చింది. మా సందు చివర అంగన్‌వాడీ ఆమెదే—పదహారేళ్ళుగా. అంతకుముందు నా శిష్యురాలు; అర్థశాస్త్రం రెండుసార్లు తప్పింది, అయినా నన్ను వదలలేదు. గుమ్మంలోనే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“మేడమ్, మన సెంటర్ బంద్ చేస్తరంట. మెట్రో పిల్లర్ల అవతల సెంటర్ల కలుపుతరంట.”

“ఎవరన్నారు?”

“సూపర్‌వైజర్. పైకెళ్ళి పైసలు తక్కువొస్తున్నయంట. పిల్లలు సుత తక్కువున్నరంట. అభ్యంతరం గిట్ల ఉంటే ఇరవై ఒకటో తారీఖు లోపల రాసియ్యాలంట.”

“పిల్లలు ఆ రోడ్డు ఎలా దాటుతారు?”

“గదే నేను అడిగిన. తల్లులు తోల్కొస్తరు అన్నది. తల్లులు పొద్దుగాల ఆరింటికే పనికి పోతరు గదా మేడమ్.”

ఆదివారం చూసిన పద్దుకూ శుక్రవారం వచ్చిన ఈ కబురుకూ నేరుగా ముడి పెట్టడం శాస్త్రం కాదు. నాకు తెలుసు. అయినా రోజంతా పెట్టుకుంటూనే ఉన్నాను.

ఫిబ్రవరి 7, శనివారం

పాఠ్యపుస్తకంలో ‘తుపాకులు–వెన్న’ అని ఉండేది. దేశం దేనికి ఎంత పెడుతుందో ఎంచుకోవాలి అని. మా పిల్లలకు వెన్న ఏం తెలుసు—నేను ‘తుపాకులు–గుడ్లు’ అని చెప్పేదాన్ని. రిజ్వానా పరీక్షలో ‘తుపాకి గుండ్లు’ అని రాసి, రెండు పుటలు తుపాకి గుండ్ల గురించే వివరించింది. సున్నా వేశాను. ఈరోజు అనిపిస్తున్నది, సగం మార్కులు ఇవ్వవలసింది.

ఫిబ్రవరి 8, ఆదివారం

ప్రకాశ్‌తో పెద్ద వాదం. కాఫీ చల్లారింది.

“సరిహద్దే లేకపోతే నీ అంగన్‌వాడీ ఎక్కడ పెడతావక్కా?”

“అంగన్‌వాడీ లేకపోతే సరిహద్దులో నిలబడేవాడికి ఎముకలు ఎక్కడినుంచి వస్తాయిరా?”

చల్లారిన కాఫీ ఎత్తి తాగాడు. వాడికీ గుర్తొచ్చి ఉంటుంది. పద్దెనిమిదేళ్ళప్పుడు భర్తీకి వెళ్ళి, ఛాతీ కొలత చాలక ఏడుస్తూ తిరిగొచ్చాడు. అప్పుడే నా ఉద్యోగం మొదలు. ఆరు నెలలు రోజూ రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు. నేను ఎదురుగా నిలబడి తినిపించేదాన్ని. రెండోసారి కొలతలో నెగ్గాడు. భారత సైన్యంలో ఒక మనిషి నా వంటగదిలో తయారయ్యాడు. నేను అనలేదు. అనవలసిన అవసరం రాలేదు.

వెళ్ళేముందు, హెల్మెట్ పెట్టుకుంటూ—“నీ హాలు ఖాళీయేగా. పిల్లల్ని అక్కడ పెట్టుకో. గుడ్లు నేను తెస్తాను.”

వద్దన్నాను. కటువుగా. ప్రభుత్వం చేయవలసిన పనిని నేను దయతో చేసి చూపిస్తే, ఆ పని ప్రభుత్వం చేయనక్కరలేదని రుజువైపోతుంది. ఆ గుడ్డు పిల్లల హక్కు. నా చేతిలోకి వస్తే భిక్ష అవుతుంది.

“నువ్వు మారవక్కా.”

“నువ్వు మారావా?”

ఫిబ్రవరి 9, సోమవారం

అర్జీ పూర్తయింది. ఒక పుట, నాలుగు పేరాలు, ఒక్క కొట్టివేత లేదు. ‘అంగన్‌వాడీ’ మన మాట కాదు. ఆ స్థానంలో అంతటా ‘శిశురక్షణ కేంద్రము’ అని రాశాను. విషయం: ‘మా వాడలోని రక్షణ కేంద్రమును యథాతథముగా కొనసాగించుట గురించి.’

రిజ్వానా చదివి తల గోక్కుంది. “మంచిగుంది మేడమ్. గని అంగన్‌వాడీ అని రాస్తే జల్ది సమజైతది గదా?”

“నాకు తెలుగు నేర్పకు” అన్నాను.

తల్లుల సంతకాలు పద్నాలుగు. అందులో మూడు వేలిముద్రలు.

ఫిబ్రవరి 10, మంగళవారం

శిశు సంక్షేమ కచేరీలో ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాను. ఒక్కదాన్నే. మెట్లు నలభై.

ఫిబ్రవరి 14, శనివారం

కేంద్రం ముందు నడిచి వెళ్తుంటే నాలుగేళ్ళ లక్కీ కిటికీలోంచి—“మిలట్రీ తాత అక్క పోతుంది!” నా చదువు, నా ఉద్యోగం, నా పేరు, అన్నీ పోయి చివరికి ఇదీ నా గుర్తింపు. కోపం రాలేదు.

ఫిబ్రవరి 18, భస్మ బుధవారం

నుదుట బూడిద. జవాబు రాలేదు.

ఫిబ్రవరి 19, గురువారం

రిజ్వానాకు రంజాన్ రోజాలు మొదలు. పదకొండింటికి కేంద్రంలో వంట చేసే ఆయా వచ్చి నన్ను పిలుచుకుపోయింది—పప్పులో ఉప్పు చూడటానికి. టీచరు ఉపవాసం, ఆయాకు జలుబుతో రుచి తెలియడం లేదు.

“నెల దినాలు మీదే డ్యూటీ మేడమ్” అని రిజ్వానా నవ్వింది.

గరిటె అంచుతో అరచేతిలో వేసుకుని చూశాను. ఉప్పు చాలలేదు. వేశాక పిల్లలందరూ నా ముఖం వైపు చూశారు, ఫలితాల కోసం చూసినట్టు. బాగుంది అన్నాను. కంచాలు మోగాయి.

ఫిబ్రవరి 20, శుక్రవారం

జవాబు వచ్చింది.

‘రక్షణకు సంబంధించిన మీ అర్జీ తగు చర్య నిమిత్తము మాజీ సైనికుల సంక్షేమ విభాగమునకు పంపబడినది.’

నాలుగుసార్లు చదివాను. ఎక్కడా వారి తప్పు లేదు. విషయం చదివారు, ‘రక్షణ కేంద్రము’ అని ఉంది, పంపారు. మా పేటలో ఆ మాటకు సైన్యం తప్ప ఇంకేం అర్థం ఉంటుంది—ఆరాధనలో తప్ప. కరుణమ్మగారిని చూసి నవ్వాను. ఆమె పొరపాటు దేవుడి దగ్గరికి వెళ్ళింది, ఆయన సరిదిద్దుకోగలడు. నాది కచేరీకి వెళ్ళింది.

రేపే గడువు. సంతకాలన్నీ ఆ కాగితం మీదే ఉన్నాయి.

జీవితంలో ఎవరినీ ఏదీ అడగలేదు. సాయంత్రం ఐదింటికి ప్రకాశ్‌కు ఫోన్ చేశాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. “ఆ అర్జీ నేను తెస్తాను. నువ్వు తినేసి పడుకో” అన్నాడు.

ఫిబ్రవరి 21, శనివారం

బ్లేజరు, పతకాలు, పాలిష్ చేసిన బూట్లు—మాజీ సైనికుల విభాగంలో ప్రకాశ్ అలా నిలబడ్డాడట. అక్కడి గుమాస్తా మా అర్జీ తీసి, “ఏ యూనిట్ సార్, ఈ పద్నాలుగు మందీ?” అని అడిగాడట.

“ఏమన్నావు?”

“పప్పు–అన్నం రెజిమెంట్ అన్నాను.”

నవ్వలేకపోయాను. కాగితం చేతికొచ్చి, ఇటు కచేరీకి వచ్చేసరికి కౌంటరు మూసేశారు. నా ముందు బల్ల మీద అర్జీ పెట్టి వాడు మెల్లగా అన్నాడు—“మొత్తం చదివానక్కా, అక్కడ బెంచీ మీద కూర్చుని. మంచి అర్జీ. ఒక్క మాటే.”

“తెలుసు.”

“పిల్లల పద్దు కోసం పతకాలు పెట్టుకుని వెళ్తానని అనుకోలేదు.”

“విప్పేసి కాఫీ తాగు. బరువు.”

రిజ్వానాకు నేనే వెళ్ళి చెప్పాను. తప్పు నాదని చెప్పాను. ఆమె తల దించుకుని బాలామృతం పిండి సంచులు సర్దుతూ, “గలత్ ఎవరికి కాదు మేడమ్. నేను గుండ్లు రాయలేదా?” అన్నది.

ఫిబ్రవరి 23, సోమవారం

గడువు దాటి రెండు రోజులు. ప్రకాశ్ తోడు వచ్చాడు. మెట్ల మీద నా చెవిలో—“మా పాత బ్రిగేడియర్ సాబ్‌కి ఒక్క ఫోన్ కొడితే...”

“కొడితే నేను ఇక్కడినుంచే వెనక్కి వెళ్తాను.”

అధికారిణి చిన్నపిల్ల. ముప్పై ఉంటాయేమో. అలసిన కళ్ళు. అర్జీ తీసుకోలేను అన్నది, మర్యాదగానే. కూర్చోమన్నది. జరిగింది చెప్పాను, నా మాట సంగతితో సహా. ఆమె నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. మధ్యలో ప్రకాశ్ నా ఖాళీ హాలు సంగతి కూడా జారవిడిచాడు.

“అమ్మా, మీ ఇంట్లో జాగా ఉందంట గదా. మీరే ఊరికే నడిపిస్తే ఏ ఆర్డరూ అడ్డురాదు. మేం సుత సంతోషపడతం.”

“మీరు సంతోషపడతారనే నడపను” అన్నాను.

ప్రకాశ్ దగ్గాడు. ఆమె బల్ల మీది క్యాలెండరు తిప్పింది. తరువాత—“వచ్చే సోమవారం నేనే తనిఖీకి వస్తా. పన్నెండు మంది పిల్లలు కళ్ళకు కనబడాలె. రిజిస్టర్ల కాదు, కళ్ళకు. ఉంటే పైకి రాస్త. ఆ తర్వాత నా చేతుల లేదు.”

అంతకంటే నిజాయితీగల జవాబు ఏ ప్రభుత్వ కచేరీలోనూ వినలేదు.

ఫిబ్రవరి 25, బుధవారం

మూసివేత నోటీసు చూసి తల్లులు భయపడ్డారు. ముగ్గురు ప్రైవేటు నర్సరీలో వేశారు. ఇద్దరు సొంత ఊళ్ళకు, అమ్మమ్మల దగ్గరికి పంపేశారు. లక్కీని అవతలి కేంద్రంలో చేర్చారు; వాళ్ళ నాన్న పనికి వెళ్తూ దించిపోతాడు. ఆ పిల్ల లేని కిటికీ.

మిగిలినవారు తొమ్మిది మంది.

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఇల్లిల్లూ తిరిగాను. పైన మేడల మీద కూడా. డెబ్బై ఎనిమిదేళ్ళకు అడగడం నేర్చుకున్నాను; మొదటి ఇంట్లో మంచినీళ్ళు మాత్రం అడిగి వచ్చేశాను. ఐదో ఇంటికి అలవాటైంది.

“మీరొచ్చి అడగాల్నా అమ్మా, పంపుతం” అన్నవాళ్ళు ఇద్దరు.

లక్కీ తల్లి మెట్రో స్తంభాల అవతల, తన ఇస్త్రీ బండి దగ్గర దొరికింది. “పంపితే ఆడ పేరు తీసేస్తరమ్మా. ఈడ బందైతే పిల్ల ఎటూ కాకుంట పోతది. మీరే చెప్పుండ్రి, నేనేం జెయ్యాలె?”

ఆమె లెక్కలో తప్పు లేదు.

మార్చి 1, ఆదివారం

ప్రకాశ్ ఆరాధన కాగానే తయారు. తనిఖీ అంటే వాడికి ఒకటే అర్థం. కేంద్రం మెట్ల అంచులకు సున్నం కొట్టాడు. బయట ఉన్న రెండు రాళ్ళకూ కొట్టాడు. పగిలిన కుండీకి జాజు పూశాడు. రిజ్వానా పిల్లల బరువు తూచే త్రాసు తుడుస్తూ, “సార్, నాకు సుత సున్నం ఏస్తరా ఏంది?” అన్నది.

“నువ్వు కదలకుండా నిలబడితే వేస్తాను.”

అరవై ఏళ్ళుగా వాడితో ఈ దేశం డబ్బు ఎక్కడ పెట్టాలో వాదిస్తున్నాను. ఇంకా ఒప్పుకోడు. ఈరోజు కూడా, చేతులకు సున్నంతో, “అయినా అక్కా, రఫేల్ విమానాలు అవసరమే” అన్నాడు. కాళ్ళు కడుక్కోమన్నాను.

మార్చి 2, సోమవారం

కేంద్రంలో కూర్చుని రాస్తున్నాను, చిన్న కుర్చీలో. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

పదింటికి అధికారిణి వచ్చింది. చెప్పులు బయట విప్పింది—అది గమనించాను. చాప మీద పదకొండు మంది. రెండుసార్లు లెక్కపెట్టింది, వేలితో, ఒక్కొక్కరినీ ముట్టుకుని. రిజ్వానా గోడకు ఆనుకుని నిలబడింది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు.

ప్రకాశ్ లేడు. తొమ్మిదిన్నరకే స్కూటర్ తీసుకుని మెట్రో స్తంభాల అవతలికి వెళ్ళాడు—లక్కీ తల్లితో తానే మాట్లాడతానని. ఏం మాట్లాడతాడో తెలియదు. ఆమె ఒప్పుకుంటే ఆమెకు నష్టం. ఒప్పుకోకపోతే మాకు. ఈ రెంటిలో దేనికోసం ప్రార్థించాలో తేలక ఊరుకున్నాను.

పన్నెండో పిల్ల కోసం అధికారిణి పది నిమిషాలు ఆగుతానన్నది. నా పక్కన, మరో చిన్న కుర్చీలో కూర్చుంది. కాసేపటికి—

“అమ్మా, వీళ్ళల్ల మీ మనవలు, మనవరాళ్ళు ఎవరన్న ఉన్నరా?”

పెళ్ళి చేసుకోని మనిషిని. ఆ సంగతి ఆమెకు చెప్పవచ్చు.

“ఉన్నారు” అన్నాను.

“ఎంతమంది?”

“ఇక్కడ పదకొండు మంది. ఒకతె దారిలో ఉంది.”