గడప ఇవతలి నుంచి ఒక శెనక్కాయ

పుంగనూరు,
సెప్టెంబరు, 1995.

నా రెడ్డెమ్మకు, ప్రభువునందు నీ ఎల్లప్ప వందనములు.

నీ ఉత్తరం అందింది. "క్రిస్మస్‌కన్నా ఇంటికి రా, రాకపోతే పాపను తీసుకోని నేనే బస్సెక్కుతా" అని రాశావు. నువ్వు రావద్దు. ఎందుకు రావద్దో ఈరోజు రాస్తాను. సంతలో నిలబడి లోకం పాపాలన్నీ గొంతు చించుకొని చెప్పేవాణ్ణి, సొంత భార్యకు ఒక్క నిజం చెప్పలేకపోతే నా చేతిలో వాక్యం ఉండి ఏం లాభం?

సువార్తకు ప్రభువు పిలిచాడని చెప్పి కుప్పం వదిలాను. మన సంఘం వాళ్లు దండ వేసి బస్సెక్కించారు. రెడ్డెమ్మా, పిలిచింది ప్రభువు కాదు. యోనా పారిపోవడానికి ఓడ ఎక్కాడు, నేను పుంగనూరు బస్సెక్కాను. తేడా అంతే.

నేను బయలుదేరక ముందరి ఆదివారం గుర్తుందా? ఆరాధన అయ్యాక అన్నం తిని చాప మీద పడుకున్నాను. నువ్వు బోరింగు కాడికి పోయావు. మన పాప తేజస్విని కాపీ తెచ్చి నా భుజం పట్టి ఊపింది. నాకు తెలిసింది భుజం మీద ఒక చెయ్యి పడిందన్నంతవరకే. పటాలంలో ఉండగా శ్రీలంకలో తాటితోపు దగ్గర మందుపాతర పేలి నా పక్కవాణ్ణి ఎత్తుకుపోయి నా ఎడమ చెవిని మూసేసిన రోజు కూడా, మొదట నా భుజం మీద పడింది ఒక చెయ్యే. దాని వెనక మనిషి లేడు. నేను పూర్తిగా మేలుకునేసరికి పాప నేలమీద ఉంది. నా మోకాలు దాని ఎదమీద, నా చెయ్యి దాని మెడమీద ఉన్నాయి. కాపీ గోడ మీద కారుతోంది. అది అరవలేదు. "నాయనా, నేనే నాయనా" అంది, అంతే.

నువ్వు వచ్చి మెడ కమిలింది చూసి అడిగితే, జామచెట్టు మీంచి పడ్డానంది. ఎనిమిదేండ్ల బిడ్డ నాకోసం అబద్ధమాడింది. వాక్యం చెప్పేవాణ్ణి, నేను నోరు మూసుకొని కూర్చున్నాను.

ఇప్పటికీ నిద్రలో ఆ తోపులోనే ఉంటాను. సంతల్లో దయ్యాలను వదిలిపొమ్మని గద్దిస్తాను, నాలో ఉన్నది మాత్రం నా కేకకు నవ్వుకుంటుంది. మొన్న ఒక ముసలాయన అడిగాడు: "ఏమప్పా, నీ దేవునికి సెవుడా, అట్ల అరస్తాండావు?" అందరూ నవ్వారు. "దేవునికి కాదప్పా, నాకే" అన్నాను. ఎగతాళి అనుకొని ఇంకా నవ్వారు. నా గొంతు నాకు వినపడదు గనుక అరుస్తాను. జనం దాన్ని పరిశుద్ధాత్మ అగ్ని అంటున్నారు.

నేనిక ఇంటికి రాను. నా చేతులను నేను నమ్మను. నాయన దేవుని పనిలో ఉన్నాడని పాపకు చెప్పు.

నీ
ఎల్లప్ప


పుంగనూరు,
నవంబరు, 1995.

రెడ్డెమ్మా,

నా ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. రాయకపోవడమే న్యాయమనుకున్నాను. కానీ ఈ ఇంట్లో ఒక సంగతి చూశాను. అది నీకు చెప్పకుండా ఉండలేను.

నేను అద్దెకుండేది సుబేదారు గంగులయ్య ఇంట్లో. డెబ్బై ఒకటి యుద్ధానికి పోయివచ్చిన మనిషి. ఆయన భార్య అక్కమ్మ. వాళ్లు గుడికి పోయేవాళ్లు, నేను ప్రభువు బిడ్డను, అయినా అక్కమ్మ నా గిన్నెలో సంగటి వేయని రోజు లేదు. మొన్న మధ్యాహ్నం నేను వసారాలో వాక్యం చదువుకుంటున్నాను. పెద్దాయన లోపల మంచం మీద గురక పెడుతున్నాడు. అక్కమ్మ గడప ఇవతల నిలబడి, కొంగులోనుంచి ఒక్కొక్క శెనక్కాయ తీసి ఆయన మీదికి విసురుతోంది. ఒకటి పొట్టమీద పడింది, ఇంకొకటి గడ్డానికి తగిలింది. ఆయన ఉలిక్కిపడి లేచి, పిడికిళ్లు బిగించి అటూ ఇటూ చూసి, గడపలో ఆమెను చూసి చల్లబడ్డాడు. తర్వాత పక్కమీద పడిన కాయలు ఏరుకొని వొలుచుకొని తిన్నాడు!

"ఇదేం ఆట అక్కా?" అన్నాను.

"ఆట గాదప్పా. యుద్ధం నుంచి వచ్చిన కొత్తల్లో ఒగ పొద్దు తట్టి లేపితి. గొంతు పట్టుకున్నాడు. మా యత్త దయ్యమని మంత్రగాని కోసరం లేసె. దయ్యం లేదు గియ్యం లేదు, ఈయప్పకు యుద్ధం ఇంగా దిగలేదు, అదే దిగుతాది అంటి. ఆ పొద్దుకాడ్నించి ఈయన నిద్దరపోతాంటే నేను గడప దాటను."

"దిగిందా అక్కా?"

"యాడ దిగె? సగం దిగె. సగానికి శెనక్కాయలు."

లోపలి నుంచి సుబేదారు అందుకున్నాడు: "దాని గురి సూసినావా అప్పా? మా పటాలంలో గూడా ఇట్లాంటోడు లేడు."

ఆ ఇంట్లో నలుగురు బిడ్డలు పెరిగారు, రెడ్డెమ్మా. మనవళ్లు కూడా ఆ గడపలో నిలబడే తాతను లేపుతారట. నేను వసారాలో కూలబడి, మన పాప సంగతంతా వాళ్లకు చెప్పేశాను. అక్కమ్మ నా మొహం చూసి, "దీనికి ఊరు ఇడిసిపెట్టి వస్తారప్పా? గడప ఇడిసిపెడితే సాలదా?" అంది.

మర్నాడు సుబేదారు నన్ను మదనపల్లె తీసుకుపోయాడు, మనసు డాక్టరమ్మ దగ్గరికి. టమేటా మార్కెట్టు పక్కగా నడిచాము. లారీల్లోకి పెట్టెలు ధనాధన విసురుతున్నారు. నా కాళ్లు రోడ్డుకు అతుక్కున్నాయి. ఆయన నా కుడి చెవి వైపుకు వచ్చి, "టమేటా పెట్టె అప్పా. ఇదీ టమేటా పెట్టే" అని ప్రతి చప్పుడుకూ చెబుతూ నడిపించాడు. డాక్టరమ్మ నేను చెప్పిందంతా విని ఒకటే అడిగింది: "చెవి పోయిందని సిగ్గుపడుతున్నావా? లేదు కదా. ఆ దెబ్బ మనసుకు కూడా తగిలింది. దానికెందుకు సిగ్గు?" మాత్రలిచ్చింది. రెండు నెలలకొకసారి రమ్మంది. పూర్తిగా పోతుందని మాటివ్వలేదు, తగ్గుతుందని మాత్రం చెప్పింది.

తిరిగొచ్చి గ్రంథం తెరిచాను. ఏలీయా కథ ఎన్ని సంతల్లో చెప్పానో నీకు తెలుసు. ఆకాశం నుంచి అగ్ని దిగిందని చెప్పి, అక్కడ ఆపి, హల్లెలూయ అనేవాణ్ణి. ఆ తర్వాత ఏమైంది? వాగు ఒడ్డున వందలమందిని నరికి వచ్చినవాడు, అడవిలో చెట్టు కింద పడి, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు గద్దించాడా? అవిశ్వాసి అన్నాడా? నిద్రపోనిచ్చాడు. రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చాడు. ఇన్నేండ్లూ ఆ పేజీ ఎందుకు తిప్పలేదు నేను? కాకపోతే ఆ రొట్టె తెచ్చిన దేవదూత ఏలీయాను ముట్టుకొని లేపాడు. నాలాంటివాడైతే ఆ దూతకు రెక్కలు మిగిలేవి కావు.

రానని రాశాను. ఇప్పుడు అడుగుతున్నాను. రావచ్చునా?

ఎల్లప్ప


కుప్పం,
డిసెంబరు.

పాప నాయనకు రెడ్డెమ్మ రాసేది.

జామచెట్టు మీంచి పడితే మెడకు వేళ్ల అచ్చులు పడవు. నాకు ఆ పొద్దే తెలుసు. పాపను అడిగితే చెప్పేసింది. నువ్వే చెప్తావని చూస్తా ఉంటి, నువ్వు పెట్టె సర్దుకుంటివి. నాకు కోపం వచ్చింది గొంతు పట్టుకున్నందుకు కాదు, దండ వేయించుకొని పోయినందుకు. నీ మొదటి ఉత్తరానికి జవాబు రాయబోతే కోపంలో చెయ్యి ఆడలేదు.

ఇంకోటి చెప్తా విను. తను లేపబట్టే నాయన ఇల్లు వదిలిపోయినాడని పాప అనుకుంటాండాది. నువ్వు పోయినకాడ్నించి ఎవర్నీ నిద్ర లేపదు. నా అంగన్‌వాడీ పనికి ఆలస్యమైనా నన్ను లేపదు, పక్కన కూసోని సూస్తా ఉంటాది. నాయన దేవుని పనిలో ఉండాడని ఎన్ని తూర్లు చెప్పినా, "నేను కాపీ ఇయ్యకుండా ఉంటే ఈడే దేవుని పని చేసుకుంటా ఉండేటోడు కదా అమ్మా" అంటాది.

దాన్ని కాపాడదామని పోయినావు. నువ్వు పోయిందే దానికి తగిలిన దెబ్బ. శెనక్కాయలు ఎండబెట్టినాను. రా.

రెడ్డెమ్మ


కుప్పం,
జనవరి, 1996.

సుబేదారు బావకు, అక్కమ్మక్కకు, మీ తమ్ముడు ఎల్లప్ప నమస్కారాలు.

ఇల్లు చేరాను. బస్సు దిగేసరికి పాప వాళ్లమ్మ వెనక దాక్కుంది. నేను దాని ముందు కూర్చొని, "నువ్వు లేపినందుకు పోలేదమ్మా. నాయనకు జబ్బు చేసింది, నీకు చెప్పడానికి భయపడి పోయినా" అన్నాను. అది నా మొహం చూసి, "నీ సెవి ఇంగా ఇనపడదా?" అంది. "ఇటువైపు వినపడుతుంది" అంటే, ఇటువైపుకు వచ్చి కూర్చుంది.

ఆదివారం సంఘంలో నిలబడి నాకు దండ వేసినవాళ్లకు నిజం చెప్పాను. కొందరు తల దించుకున్నారు. పెద్ద కుప్పమ్మ మాత్రం లేచి, "మాత్రలు ఏసుకుంటాండావా అప్పా? అది సెప్పు ముందు" అంది. రోజూ వేసుకుంటున్నాను. చెడ్డ రోజులు ఇంకా వస్తున్నాయి, ఆ రోజుల్లో వసారాలో పడుకుంటున్నాను.

అక్కా, నీకు చెప్పవలసింది ఇదీ. నిన్న అన్నం తిని చాప మీద నిద్రపోయాను. ఏదో ముక్కుకు తగిలింది. లేచి కూర్చున్నాను. గుండె దడదడ, చెయ్యి చాపను పిడికిట పట్టింది. కళ్లు తుడుచుకొని చూస్తే, గోడ వారన ఒక శెనక్కాయ, బాన పక్కన ఒకటి, నా ఒళ్లో ఒకటి. మొదటి రెండూ గురి తప్పాయన్నమాట. గడప అవతల పాప నిలబడి ఉంది. మా ఇద్దరి మధ్యా గది మొత్తం ఉంది.

"నాయనా, కాపీ" అంది.

నేను ఒళ్లో కాయ వొలిచి, ఒక పప్పు నోట్లో వేసుకొని, ఇంకొకటి చెయ్యి చాపి చూపించాను. అది గడప దాటి వచ్చి తీసుకుంది.

ఈ మధ్యాహ్నం మొదటి కాయకే మెలకువ వచ్చింది. చేతులు రెండూ చాప మీద నిమ్మళంగా ఉన్నాయి. గడపలో నవ్వు ఆపుకుంటున్న చప్పుడు నా మంచి చెవికి వినపడింది. కళ్లు తెరవలేదు. ఇంకొక్కటి విసరనీ అని అలాగే పడుకున్నాను.

మీ
ఎల్లప్ప