ఎర్ర రాయి, ఏడేళ్ల యుద్ధం

1976 ఏప్రిల్ 9, మస్కట్

నస్రీన్ మళ్లీ వచ్చింది. కడప పిల్ల. ఈయన కంపెనీ ఆఫీసులో టైపిస్టు, సలాలా సైటుతో వైర్‌లెస్‌లో మాట్లాడేదీ తనే. ప్రైవేటుగా బి.ఏ. కడుతోంది. శుక్రవారం సెలవంతా నా వంటింటి బల్ల దగ్గరే.

చరిత్ర పరీక్షకు, 1756 నాటి ఏడేళ్ల యుద్ధం మీద ముఖ్య పదాలు కావాలట. ఒక్కోదానికి రెండే వాక్యాలు.

"పెద్ద పెద్దగా చెప్పొద్దు మేడమ్. పరీక్షలో రాసేంత చాలు."

బందరు కాలేజీలో ఏళ్ల తరబడి చెప్పిన పాఠం. నోట్సు చూడకుండా చెప్పేదాన్ని. ఇప్పుడు రెండు వాక్యాల్లో ఇమడటం లేదు. పేరు దగ్గరే ఆగిపోయాం.

"ఏడేళ్లంటారు. అమెరికాలో తొమ్మిదేళ్లు జరిగిందని నోట్సులో మీరే రాసినారు. ఎవురిది తప్పు?"

ఎవరిదీ కాదు, ఎక్కడ నిలబడి లెక్కపెడితే అంత — అన్నాను. నస్రీన్ రాసుకుంది. నాకే మనసొప్పలేదు.

ఏప్రిల్ 12

రేడియోలో మళ్లీ అదే. సుల్తానుకూ తిరుగుబాటుదార్లకూ దక్షిణాన జరుగుతున్న యుద్ధం ముగిసింది. డిసెంబరు నుంచీ ముగుస్తూనే ఉంది. ఈయన ఆ దక్షిణానే, సలాలా వెనక కొండల్లో రోడ్డు వేస్తున్నారు. మందుపాతరలు ఎక్కడెక్కడ ఉన్నాయో పెట్టినవాళ్లకే గుర్తులేదట.

ఏప్రిల్ 23

ముట్టడి. కోట చుట్టూ సైన్యాన్ని దించి, తిండీ సాయమూ అందకుండా చేయడం. ఉదాహరణ: బందరు. ఫ్రెంచివాళ్లు లోపల, ఇంగ్లీషువాళ్లు బయట.

ఎక్కడో ఐరోపాలో సైలీషియా అనే ముక్క కోసం రాజులకు పేచీ వస్తే, మా ఊరి ఉప్పు బురదలో మనుషులు చచ్చారు. ఇది ఉదాహరణలో రాయలేదు. నోటితో చెప్పాను.

"రెండు పక్కలా మన సిపాయిలేనా మేడమ్?"

"రెండు పక్కలా."

"ఎవురి కోసమో వాళ్లకి తెలుసునా?"

"జీతం తెలుసు."

జీతం అని రాసి, కొట్టేసింది. "పరీక్షలో అట్లా రాస్తే సున్నా వేస్తారు మేడమ్."

కూటమి, తటస్థత కూడా అయ్యాయి. కూటమి రాస్తుంటే కిటికీ బయటే ఉదాహరణలు. సుల్తాను తరఫున ఇంగ్లీషు అధికారులు, బలూచీ సిపాయిలు, ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు... మేం ఎందులో? రోడ్డు వేసేవాడు తటస్థుడా?

మే 6

ఈయన వచ్చారు. వారం సెలవు. నల్లబడ్డారు, మెడ సన్నబడింది. నెలాఖరుకు కాంట్రాక్టు అయిపోతుంది. మస్కట్ డిపోలో కుర్చీ ఇస్తామంటోంది కంపెనీ. లేదా మళ్లీ అదే కొండల్లో, వానాకాలమంతా. వెళ్లేలోపు ఏదో ఒకటి చెప్పాలి.

నేను డిపో అనే అనుకుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఈయన కాంట్రాక్టు కాగితం మళ్లీ చదువుతున్నారు.

మే 7

భోజనాల దగ్గర చెప్పారు.

సైటులో అంతా కరీంనగర్ మనుషులు. మల్లయ్య అని మేస్త్రీ. మందుపాతరలు ఏరేసిన దారికి అటూ ఇటూ సైన్యం తెల్ల రాళ్లు పేర్చింది. దాటకూడని చోట రాళ్లకు ఎర్ర రంగు. ఇంగ్లీషులో, అరబ్బీలో బోర్డులు. ఒక పొద్దున ఈయన జీపు దిగేసరికి మల్లయ్యా, ఇంకో ఇద్దరూ తెల్ల రాళ్లు దాటిపోయి, ఎర్ర రాయి ముందు కూర్చున్నారట. కొబ్బరికాయ, నిమ్మకాయలు, అగరొత్తులు.

"గిది మైసమ్మ సారూ. మనకన్న ముందే ఎవలో వచ్చిన్రు, బొట్టు వెట్టి పోయిన్రు. మొక్కకుంట పని మొదలువెడ్తమా?"

కేక వేస్తే పరిగెడతారని, నెమ్మదిగా పిలిచారట. వచ్చిన అడుగుల్లోనే అడుగు వేసుకుంటూ రండి మల్లయ్యా, అమ్మకి చెప్పి రండి. వాళ్లు తిరిగి వచ్చి ఈయన చేతిలో కొబ్బరిముక్క పెట్టారు.

"తిన్నారా?"

"తినక? అమ్మవారి ప్రసాదం."

నవ్వుతున్నారు. నేను పెరుగన్నం కలుపుతూనే ఉన్నాను.

రంగు మార్చడం మన చేతిలో లేదట, సైన్యానిది. అందుకని ఈయనే క్యాంపు లోపల గద్దె కట్టించి, ఒక రాయి నిలబెట్టి, తొలి కొబ్బరికాయ తనే కొట్టారు. అమ్మ ఇక్కడుంది, బయట ఉన్నది అమ్మ కాదు, అని ఒక్కొక్కరి చేత అనిపించారు. జన్మలో గుడి గడప తొక్కని మనిషి.

మే 10

"కొత్తవాళ్లు జూన్‌లో దిగుతున్నారు, సుశీలా. నా చోట్లోకి వచ్చేది ఇంగ్లీషువాడు. ఎర్ర రాయి చూసి వీళ్లు చేతులెందుకు జోడిస్తారో అతనికేం తెలుసు?"

"మల్లయ్య చెప్తాడుగా."

"మల్లయ్య మొన్న ఇంటికెళ్లిపోయాడు."

నిజమే కావచ్చు. ఆ కొండలంటే ఈయనకు ఇష్టం, అదీ నిజమే కావచ్చు. వానల్లో అంతా పచ్చబడిపోతుందట, ఒంటెలకు మోకాళ్ల దాకా పొగమంచట. చెబుతుంటే ముఖం వేరు. బాధ్యత అనే మాటకు నేను రెండు వాక్యాలు రాయగలను. అందులో ఇష్టం పాలెంతో రాయలేను.

మే 12

వద్దండీ — అన్నాను. పెట్టె సర్దుతూ. గట్టిగానే.

చొక్కా మడత పెడుతూ అన్నారు: "నువ్వే చెబుతుంటావుగా. ఏడేళ్ల యుద్ధం ముగిస్తూ పారిస్‌లో సంధి రాసేవాళ్లకు, ఎక్కడో తూర్పున మనీలా ఇంగ్లీషువాళ్ల చేతికి పోయిన సంగతే తెలీదని. ఇక్కడా అంతే. అయిపోయిందని రేడియో చెప్పింది, నేలకి తెలియదు. తెలిసేదాకా ఎవడో ఒకడు దగ్గరుండాలి."

నా పాఠమే. పెళ్లయిన కొత్తలో చెప్పిందేమో, నేనే మర్చిపోయాను.

సంతకం పెట్టేశారు.

మే 28

కిరాయి సైన్యం రాశాం. నస్రీన్‌కు నచ్చింది. నాకు తోచడం లేదు. ఫ్యాను కింద, ఫ్యాను లేకుండా. బాల్కనీలో, లోపల.

జూన్ 11

కొత్తవాళ్లు దిగారు. నస్రీన్ చెప్పింది, నవ్వుతూ — "సార్ ఫస్ట్ డ్యూటీ ఏందో తెలుసునా మేడమ్? వాళ్లందరి చేతా కొబ్బరికాయలు కొట్టించేది. హెడ్డాఫీసుకు బిల్లు పంపినారు, నేనే టైపు చేసినా. ఏం రాయాలో తెలీక సేఫ్టీ సామాను అని కొట్టినా."

నేనూ నవ్వాను. చాలా రోజులకి.

జూన్ 22

సలాలాలో వాన మొదలైంది. వాన కాదు, తుంపర, పొగమంచు. ఇక్కడ గోడ ముట్టుకుంటే కాలుతోంది.

మిగిలింది ఒక్క పదం. సంధి.

జూన్ 27

మధ్యాహ్నం నస్రీన్ ఆఫీసు నుంచి నడిచొచ్చింది, ఎండలో. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

వానకు కొండ మన్ను జారిందట. ఎర్ర రాళ్లు కొన్ని రోడ్డు మీదికి దొర్లాయి. కొత్తవాళ్లు అందులో ఒకదాన్ని భక్తిగా ఎత్తుకొచ్చి, క్యాంపులో గద్దె మీద అమ్మ పక్కన పెట్టారు. బయట ఉన్నది అమ్మ కాదని ఈయన చెప్పారుగా. లోపల పెడితే అమ్మే కదా అనుకున్నారు. రాళ్లు దొర్లిన చోటికి మందుపాతరలూ జారి ఉండొచ్చు. ఎక్కడ నుంచి తెచ్చారంటే ఒక్కొక్కరూ రోడ్డు మీద ఒక్కో వంపు చూపిస్తున్నారట. మంచులో అన్నీ ఒకేలా ఉన్నాయట.

సైన్యానికి కబురు పంపారు. వాళ్లు వచ్చేలోగా అటు బండ్లు పోకుండా ఆపాలని ఈయన పొద్దుటే బయల్దేరారు.

"తర్వాత?"

"వైర్‌లెస్ గరగరా అంటాంది మేడమ్, అంతే. సిగ్నల్ లేదు. మంచుకు అట్లా అయితాది... అట్లానే అయితాది."

మంచినీళ్లు ఇచ్చాను. తాగలేదు.

సంధి. పోరాడుతున్న పక్షాలు యుద్ధం మానుకుంటున్నామని రాతపూర్వకంగా ఒప్పుకోవడం. ఇది మొదటి వాక్యం. రెండోది ఇంకా రాయలేదు. నస్రీన్ మళ్లీ ఆఫీసుకు వెళ్తానంటోంది, వైర్‌లెస్ దగ్గర కూర్చోవాలి. నేనూ వెళ్తున్నాను.