రోజుకి రెండుసార్లే తలుపు

10 మే 1954, సోమవారం. అమలాపురం.

దొరగారొకరు కాకినాడలో కాపురం ఎత్తేస్తూ అమ్మిన కిరసనాయిలు ఫ్రిజ్జు మా సావిట్లోకి వచ్చి నెల్లాళ్ళయింది. మా వీధికి కరెంటు లేదు. దీనికి అక్కర్లేదు. అడుగున దీపం వెలగాలి, పైఅరలో ఐసు కట్టాలి. దీపం వెలుగుతోంది. ఐసు మాత్రం కట్టడం లేదు. నూతి నీళ్ళే నయం.

వచ్చే వారం బుధవారం జీవరత్నం మాస్టారి అమ్మాయి లీలావతి పెళ్ళి. షర్బత్తులోకి ఐసు నాదీ అని బడి అరుగు మీద పదిమందిలో మాటిచ్చేశాను. ఆ కబురు వియ్యాలవారి దాకా వెళ్ళిపోయిందట.

కాబట్టి తీర్మానం! ఈ రోగం నేనే కుదురుస్తాను. తలుపు రోజుకి రెండుసార్లే. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. మాటంటే మాటే!

11 మే

రోగం దొరికింది! చల్లబరిచే పెట్టె కింద అంత మంటేమిటి? వత్తి బాగా తగ్గించేశాను. నా బుర్రే బుర్ర.

12 మే

వెన్న కరిగి నెయ్యిలా తేలింది.

సూర్యకాంతం (నా భార్య, నా మీద నమ్మకం తక్కువ) “మంట ఉంటేనే చల్లబడుతుందని అమ్మినాయన చెప్పేరు కదండీ” అంది. చెప్పారు. నేనే వినలేదు. వత్తి పెంచాను. సావిట్లో ఆరేసిన పంచెలన్నీ మసి.

చిమ్నీ తుడిచాను. వత్తి సమంగా కత్తిరించాను. మంట నీలంగా వచ్చింది. పైన గిన్నెలో నీళ్ళు పెట్టి చూస్తే పెట్టె ఒక పక్కకి ఒరిగి ఉంది; ఒరిగితే చల్లబడదని కూడా ఆయన చెప్పిందే. కాలి కింద చెక్కముక్క దోపాను. ఇక ఐసు కట్టక ఏం చేస్తుంది!

14 మే

రాజోలు నుంచి వీరాయమ్మ పిన్నిగారు. “ఎండనపడి వచ్చేనబ్బాయ్. నీ చల్లపెట్టెలో నీళ్ళు ఇప్పించవా?”

ఎండనపడి వచ్చిన మనిషికి నూతి నీళ్ళిస్తే మన మర్యాద ఏం కాను? తీశాను. ఆవిడ తెచ్చిన ఆత్రేయపురం పూతరేకులు కూడా లోపల పెట్టమన్నారు. పెట్టాను. సాయంత్రానికి తడిగుడ్డల్లా మెత్తబడ్డాయి. ఆవిడ చెంచా అడిగి పుచ్చుకున్నారు. అదే ఘోరం.

15 మే

ఉదయం: కరణంగారు. “అబ్బే, ఊరికే చూసి పోదామనండీ.” తీశాను.

తరువాత: పెళ్ళిచీరలు పట్టుకెళుతూ బండారులంక నేతగాడు. దాహమట. తీశాను.

అతిథి కోసం తీసింది లెక్కలోకి రాదు.

సాయంత్రం: ఎవరూ రాలేదు. దారినపోయేవాళ్ళని నేనే పిలిచాను.

17 మే

మాస్టారు వచ్చారు. “ఐసు సంగతేవైందండీ?”

“ఆయ్! గడ్డ కట్టేసిందండీ!”

“ఓసారి చూద్దామాండీ?”

“తీయకూడదండీ. పెళ్ళిదాకా మూసే ఉంచాలి.”

చూపించడానికి లోపల ఏమీ లేదు కనుక నియమం చక్కగా అమలైంది. రేపు కూడా, ఎవరొచ్చినా సరే, తీయను.

19 మే, పెళ్ళి

తెల్లవారింది. తీశాను. ఐసు!!! అర నిండా, రాయిలాగ!

సూర్యకాంతం ఊక పోసి, గోనె చుట్టి ఇచ్చింది. ఊకలో దాస్తే ఐసని ఎవరికి తెలుస్తుంది? వీధి మలుపులో ఊక దులిపేసి ఇత్తడి బేసిన్లో పెట్టాను. కరణంగారికి చూపించాను. బజారంతా చూపించాను. పిన్నిగారు రాజోలు బస్సు కోసం నిలబడి ఉంటే ప్రత్యేకంగా వెళ్ళి చూపించాను.

చర్చి చేరేసరికి బేసిన్లో వెచ్చటి నీళ్ళు. వియ్యాలవారు తొంగి చూశారు. మాస్టారు ఆ నీళ్ళే గ్లాసులోకి వంచి కూతురికి ఇచ్చారు. ఆ పిల్ల తాగి, “ఎంత చల్లగా ఉన్నాయండీ బాబాయిగారూ” అంది. అబద్ధం. పెళ్ళివారికి కొబ్బరి బొండాలు కొట్టించారు. నన్ను ఒక్కరూ తిట్టలేదు. నాకు ఏడుపొచ్చింది.

20 మే

కొత్త తీర్మానం! ఆదివారం కొత్త దంపతులు మా ఇంటికి భోజనానికి వస్తామన్నారు. ఆ పిల్ల గ్లాసులో ఐసు గలగలమనాలి. మళ్ళీ అబద్ధమాడించను. తలుపు రోజుకి ఒక్కసారే!

తొమ్మిది గంటలు: సూర్యకాంతం ఫ్రిజ్జుకి అడ్డంగా పీట వేసుకుని బెండకాయలు తరుగుతోంది.

“కాస్త జరుగు. కడుతోందో లేదో చూడాలి.”

“మీరు చూడకపోతే కడుతుందండీ.”

తొమ్మిదిన్నర: సూర్యకాంతం పెరట్లోకి వెళ్ళింది. తీర్మానం ఇవాళ మధ్యాహ్నం భోజనాల తరువాత నుంచి అమలు.