ఇల్లు దొరికింది, పాలు పొంగించాలి

జనవరి 8

ఇల్లు దొరికింది! నా బిడ్డకు దొరికింది! నేను ఖతర్‌కు విజిట్ వీసా మీద వచ్చిన వారానికే! రువైస్ రేవు నుంచి పడవలో పోవాల్సిన ఆ ఒంటి దీవిలో, ఇసుక కింద — రాతి గోడలు, నడుమ పొయ్యి. ఎన్ని వందల ఏళ్ళదో... పాతకాలపు ఆనవాళ్ళ కోసం తవ్వేవాళ్ళందరిలో ముందు చూసింది మా మౌనికే. కూర్చోలేను, నిలబడలేను.

జనవరి 9

మా ఆమెకు ఫోన్. బిడ్డకు ఇల్లు దొరికిందన్నాను.

"దుబాయ్‌ల ఇల్లా! కిరాయెంతనట?"

"దుబాయ్ కాదే, ఖతర్. పాతకాలపు ఇల్లు. పైకప్పు లేదు."

"కప్పు లేని ఇంట్ల పిల్లనెట్ల ఉంచుతవయ్యా!"

నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు. అంతా విని చివరికి — "ఏదైతేంది, ఇల్లు ఇల్లే. పాలు పొంగిచ్చి రా."

జనవరి 11

వానొస్తే ఆ ఇంటివాళ్ళు ఎక్కడికి జరిగేవారు? మంచినీళ్ళు? పిల్లలు ఏ మూల పడుకునేవారు? అడిగి అడిగి చంపుతున్నాను.

"తెల్వదు బాపూ. అది సుత తెల్వదు."

తెలియదని ఇంత సంతోషంగా చెప్పే కొలువు కూడా ఉంటుందా!

జనవరి 13

బిడ్డ ముఖం చిన్నబోయింది. తవ్వకం నడిపించే పెద్ద మేడమ్‌కు అనుమానమట — చేపలవాళ్ళు ఓ పూట ఆగిన చోటేమోనని. పొయ్యిలో బూడిద పరీక్షకు పోతుంది. ఏళ్ళ తరబడి వండిన బూడిదైతే ఇల్లు, తవ్వకం సాగుతుంది. కాకపోతే మూసేసి రావడమే.

ఇల్లు అనడం మానేసింది. 'సైట్' అంటోంది.

జనవరి 15

దీవికి నన్నూ తీసుకుపోయింది! సంచిలో పాల ప్యాకెట్, గిన్నె, అగ్గిపెట్టె.

మోకాలెత్తు గోడలు. అందరూ దాటుకుని పోతున్నారు. గోడ దాటి ఇంట్లోకి పోవడానికి నాకు మనసొప్పలేదు. దర్వాజ ఎక్కడంటే ఓ ఖాళీ చూపింది. చెప్పులు విడిచి అటు నుంచే పోయాను. పొయ్యి... మూడు రాళ్ళు. అబ్బ, మన పొయ్యిలాగే మూడు రాళ్ళు! అగ్గిపెట్టె తీశానో లేదో —

"బాపూ! గీడ అగ్గి పెడ్తవా? కొత్త బూడిద కలిస్తే నా పని ఖతమే!"

అగ్గిపెట్టె మళ్ళీ సంచిలో వేసేశాను. నా చేత్తోనే చెడగొట్టేవాణ్ణి...

దూరంగా, ఒడ్డున, పనివాళ్ళు చాయ్ కాచే స్టౌ మీద గిన్నె పెట్టాను. ఇంటి వైపే చూస్తుండిపోయాను. పాలు పొంగిపోయాయి.

"కావాలనే పొంగిచ్చినవు గదా?"

"చూస్కోలే బిడ్డా."

నమ్మలేదు. నవ్వింది.

జనవరి 18

బూడిద పరీక్షకు వెళ్ళింది. కబురు లేదు.

జనవరి 20

ఇంకా లేదు. తెల్లవారగానే పడవకు బయల్దేరుతూ, గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ బిడ్డ అంది — "ఇంటికి పోతున్న బాపూ."

తలుపు మూసుకుంది. నేను ఇంట్లోనే ఉన్నాను... ఏ ఇంటికని అడగలేదు.