ఈసారి పొంగనిచ్చాను

ఆదివారం రాత్రి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

పీజీ ఖాళీ చేసి ఈ గదిలోకి వచ్చేశాను. సామాను సర్దేసినా ఇంకా ఎవరింట్లోనో ఉన్నట్టుంది.

చెల్లికి పరీక్షలని అమ్మ హిందూపురం నుంచి రాలేకపోయింది. పాలు మాత్రం వీడియో కాల్‌లోనైనా పొంగించాల్సిందేనని పట్టుబట్టింది. పొద్దున్నే కింద బూత్‌లో ప్యాకెట్ తెచ్చి, కొత్త గిన్నెకు పసుపు రాసి, ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి స్టవ్ వెలిగించాను.

పాలు అంచుదాకా వచ్చాయి. నా చెయ్యి దానంతటదే స్టవ్ ఆపేసింది.

"ఏమ్మే, ఆర్పేస్తివే! ఈ పొద్దు పొంగల్ల కదా!" అంది అమ్మ.

ఎలా పొంగనిస్తాను? చిన్నప్పటి నుంచి ఇంట్లో పాలకు కాపలా నేనే. పుస్తకంలో పడి మరిచిపోయిన ప్రతిసారీ వీధంతా వినపడేలా అరిచేది ఈవిడే. ఇప్పుడు పొంగనివ్వలేదని గొడవ.

"మళ్లీ అంటించు. ఈసారి చేతులు కట్టుకోని నిలబడు" అంది, నవ్వు ఆపుకోలేక.

చేతులు కట్టుకునే నిలబడ్డాను. పాలు పొంగి స్టవ్ మీదంతా పారాయి.

"సరే, ఇంక అది నీ ఇల్లు" అని, చెల్లిని లేపాలంటూ ఫోన్ పెట్టేసింది.

ఇది నా ఇల్లయితే మరి అక్కడిది...

గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాను. మాడిన పాల వాసన అచ్చం మా వంటింటిదే. వెనక నుంచి ఆ అరుపు వినపడుతుందేమోనని, తుడుస్తున్న చెయ్యి కాసేపు ఆపాను.